నీలం సీసాలో ఏముంది

ఢిల్లీ కంటోన్మెంటులోని ఆ బ్లాకు మొత్తంలో హనుమాయమ్మ బాత్రూమంత తెల్లటి బాత్రూము ఇంకొకటి లేదు. ఈ మాట వేరెవరో అంటారేమోనని ఆవిడ ఎదురుచూసేది కాదు. తనే అందరికీ చెప్పేది. అక్కడివన్నీ ఉప్పునీళ్ళు, వారం తిరక్కుండా కొళాయి కింద పసుపుపచ్చ చార కట్టేస్తుంది. మిగతా ఇళ్ళవాళ్ళు యాసిడ్ పోసి, ముక్కు మూసుకుని రుద్దుకుంటారు. హనుమాయమ్మ మాత్రం ఒక నీలం సీసా వంచి, రెండు గంటలు అలా వదిలేసి, కొబ్బరి పీచుతో తోమేది. సీసాలో ఏముందని ఎవరైనా అడిగితే నవ్వేసేది.

"చెప్తే ఇంకేముందమ్మా!"

ఉన్నదల్లా నిమ్మతొక్కలు, బెల్లం, నీళ్ళు. క్యాంటీను గేటు దగ్గర నిమ్మరసం అమ్మే నింబూపానీ భయ్యాని అడిగి తొక్కలు తెచ్చేది. వాటిని డబ్బాలో వేసి మూడు నెలలు మాగబెట్టేది. మొదటి నెలంతా రోజూ మూత తీసి గాలి వదలాలి, మరిచిపోతే డబ్బా పేలి ఇల్లంతా తొక్కలే. పెళ్ళయిన కొత్తలో యాసిడ్‌తో వేళ్ళు కాల్చుకుంది లెండి, అప్పటినుంచి దాన్ని గడప తొక్కనివ్వలేదు.

ఏటా ఆ యూనిట్‌లో బాగా ఉంచుకున్న క్వార్టరుకి పోటీ పెడతారు. కమాండింగ్ ఆఫీసరు గారి భార్య, అంటే సీఓ మేడమ్, ఇల్లిల్లూ తిరిగి మార్కులు వేస్తుంది. గెలిచిన ఇంటికి షీల్డు. హనుమాయమ్మకి వరసగా మూడేళ్ళు సెకండే వచ్చింది. ఆమె భర్త అంకయ్య నాయబ్ సుబేదారు. మొదటి ఏడాదే ముందుగదిలో షీల్డు కోసం మేకు కొట్టి పెట్టాడాయన. ఆ మేకుకి క్యాలెండరు కూడా తగిలించనివ్వలేదు. వచ్చే జూన్‌లో రిటైర్మెంటు, కాబట్టి ఇదే ఆఖరి పోటీ.

శనివారం తనిఖీ. శుక్రవారం పొద్దున పదింటికి ఎదురింట్లోంచి దగ్గు వినిపించింది. ఆగకుండా, గుక్క తిప్పుకోకుండా దగ్గుతున్నారెవరో.

ఎదురింట్లో ఉండేది లాన్స్ నాయక్ కిరీటి, అతని భార్య హరిప్రియ. ఆ పిల్ల శ్రీకాకుళం నుంచి వచ్చి రెండు నెలలు కాలేదు. కిరీటి డ్యూటీలో ఉన్నాడు. హనుమాయమ్మ తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళేసరికి ఘాటుకి కళ్ళు మండిపోయాయి. బాత్రూము నేలంతా బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంది. దాని మీద యాసిడ్ పోసినట్టుంది, బుసబుసా పొంగుతోంది. హరిప్రియ గోడకి చేరగిలబడి ఊపిరి కోసం కొట్టుకుంటోంది. హనుమాయమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, పిల్లని జబ్బ పట్టి బయటికి ఈడ్చుకొచ్చింది. కిటికీలు బార్లా తెరిచి, ఆటో పిలిచి, యూనిట్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరు ఆక్సిజన్ పెట్టాడు. ఇంకాసేపు ఆ గదిలో ఉంటే ఊపిరితిత్తులు దెబ్బతినేవన్నాడు. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుందని, అలా కలపమని నీకెవరు చెప్పారని గదమాయించాడు. హరిప్రియ ఒకసారి హనుమాయమ్మ వైపు చూసి, "దుకాన్‌వాలా భయ్యా చెప్పాడు సార్" అంది.

సాయంత్రానికి పంపించేశారు. ఇంటికి వస్తూ హనుమాయమ్మ తిట్టడం మొదలుపెట్టింది.

"ఎవడే ఆ భయ్యా? వాడి పని చెప్తా రేపు."

"భయ్యా కాదు ఆంటీ." ఆ పిల్ల తల దించుకుంది. "మీ సేతిలో నీలం సీసా సూసినాను. మీరు యాసిడ్‌తోనే అంత తెల్లగా సేస్తన్నారు గదా, నాను బ్లీచింగ్ కూడా ఏస్తే ఇంకా తెల్లగా వస్తాదనుకున్నాను. డాక్టరు గారి ముందు మీ పేరు ఎందుకని..."

హనుమాయమ్మ అక్కడే ఆగిపోయింది. అది నిజంగా యాసిడ్ సీసానే. మెడ వంకరగా ఉండి మూలలకి బాగా అందుతుందని, ఎవరో పారేసిన సీసా కడిగి తెచ్చి తన నిమ్మనీళ్ళు పోసుకుంది. లేబుల్ చింపలేదు. చింపకపోవడం మరుపూ కాదు, బద్ధకమూ కాదు. చూసినవాళ్ళు యాసిడే అనుకుంటే తన గుట్టు తన దగ్గరే ఉంటుందని కావాలనే ఉంచింది. ఆ తెలివికి లోపల్లోపల మురిసిపోయింది కూడా. ఇప్పుడు ఆ మురిపెం తలుచుకుంటే ఒళ్ళంతా సిగ్గుతో కుంచించుకుపోయింది.

సంగతంతా విని అంకయ్య మేకు వైపు చూశాడు.

"ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదుగా. సీసా తీసి అటక మీద పడెయ్. రేపొక్కరోజు గడిస్తే చాలు."

"నాకు తెలుసుగా అండీ!"

"తెలిస్తే తెలిసిందిలే. మూడేళ్ళనుంచి ఆ షీల్డు కోసం చూస్తున్నానే."

ఆమె సీసాని గూట్లోంచి తియ్యలేదు.

శనివారం మేడమ్ వచ్చింది. వంటిల్లు చూసింది, అలమార్లు చూసింది, బాత్రూములో వంగి మరీ చూసింది. చార లేదు. "వాహ్, హనుమాయమ్మ జీ!" అని నవ్వుతూ కాగితం మీద పెన్ను పెట్టింది. అంకయ్య గుమ్మం దగ్గర అటెన్షన్‌లో నిలబడ్డాడు. అప్పుడు హనుమాయమ్మ స్నానాల గది గూట్లోంచి నీలం సీసా తీసుకొచ్చి మేడమ్ చేతిలో పెట్టింది. లోపల ఉన్నది ఏమిటో, పైన ఉన్న పేరు ఏమిటో, దాన్ని చూసి ఎదురింటి పిల్ల ఏం చేసుకుందో తన చీరాల హిందీలో మొత్తం చెప్పేసింది. తప్పు తనదేనని, ఆ పిల్లది కాదని ఒప్పుకుంది.

"గల్తీ మేరీ హై, మేడమ్ జీ. ఉస్ బచ్చీ కీ నహీఁ."

మేడమ్ నవ్వు ఆగింది. కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాసుకుంది.

షీల్డు పక్క బ్లాకుకి పోయింది. తప్పుడు పేరున్న సీసా ఇంట్లో ఉంచినందుకు మార్కులు కోసేశారు. ఈసారి సెకండు కూడా కాదు, మూడోది. ఇంటరు చదివే కూతురు నవ్యశ్రీ "మమ్మీ, చుప్ రెహ్‌తీ తో జీత్ జాతీ" అని ఏడుపుగొంతుతో అంది. మాట్లాడకుండా ఉంటే గెలిచేదానివని ఆ పిల్ల బాధ.

"గెలిచి ఆ మేకు కింద ఎట్టా కూచునేదాన్నే?" అంది హనుమాయమ్మ.

మరుసటి వారం ఫ్యామిలీ వెల్ఫేర్ మీటింగ్‌లో మేడమ్ ఆమెనే మాట్లాడమంది. హాలునిండా ఆడవాళ్ళు. హరిప్రియ మొదటి వరసలో నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంది. మూడేళ్ళు దాచుకున్న గుట్టుని హనుమాయమ్మ మొదటి నిమిషంలోనే విప్పేసింది. ఒక పాలు బెల్లం, మూడు పాళ్ళు తొక్కలు, పది పాళ్ళు నీళ్ళు. పులుపు కాబట్టి దీన్ని కూడా బ్లీచింగ్‌తో కలపొద్దని గట్టిగా చెప్పింది. ఏ సీసాలో ఏముందో దాని మీద రాయండి, రాయలేకపోతే పిల్లల చేత రాయించండి అంది. యమున మీద నురగ టీవీలో చూసి ముక్కు విరుస్తాం, అందులో మన బకెట్ నీళ్ళు లేవా అని అడిగింది. అంకయ్య యూనిఫారంలో వెనక నిలబడి విన్నాడు. తన భార్య ఇంతమంది ముందు గొంతు వణక్కుండా మాట్లాడగలదని ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆయనకి తెలియనే తెలియదు. గర్వంతో ఆయన కళ్ళు చెమర్చాయి.

ఆ సాయంత్రం ఆయన ఒక ఫ్రేము చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. నోటీసుబోర్డు మీద అంటించిన మీటింగ్ కాగితాన్ని అడిగి తీసుకుని అద్దం కట్టించాడు. అందులో పెద్ద అక్షరాల్లో శ్రీమతి హనుమాయమ్మ అని ఉంది. స్టూలు ఎక్కి, మూడేళ్ళనుంచి ఖాళీగా ఉన్న మేకుకి దాన్ని తగిలించాడు.

"వంకరగా ఉందా?"

"కొంచెం ఎడమకి జరపండి."

జరిపి కిందికి దిగాడు. హనుమాయమ్మ కొంగుతో అద్దం తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నేను తుడుస్తాలే. నువ్వు చూడు."