ఉప్పు వేయని లారీ

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఇదీ: నేను ఆయిల్ పోసిన లారీ తడి మలుపులో తోక జారి, మా ఆయన ఇంటికి రాకపోవడం. పాప గోళీ మింగేస్తుందేమో, గ్యాస్ కట్టేయడం మరిచానేమో అనే మిగతా భయాలన్నీ దీని వెనక వరసలో నిలబడాల్సిందే.

మా ఇంటికీ లారీల షెడ్డుకీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడకో కిటికీ. వంటగదిలోంచి స్పానర్ అందించవచ్చు, షెడ్డులోంచి కూర రుచి అడగవచ్చు. షెడ్డులో పెద్ద మేస్త్రీ మా అత్తయ్య. చెవి ఒగ్గి వింటే చాలు, బండి రోగం చెప్పేస్తారు. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. మిగిలిందంతా ఆవిడ పక్కన, లారీల కింద పడుకుని నేర్చుకున్నాను.

డిఫరెన్షియల్ పాఠం అలా వచ్చిందే. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం దొర్లాలి, లోపలిది తక్కువ. ఎవరి నడక వాళ్ళను నడవనిచ్చేది వెనక ఇరుసు మధ్యలో ఉండే ఆ గుండ్రటి పెట్టె. అయితే మామూలు పెట్టెకు ఒక జబ్బుంది. ఒక చక్రం బురదలో పడిందా, ఇంజను బలమంతా దానికే పోతుంది. అది గిరగిరా తిరుగుతూ ఉంటే, గట్టి నేల మీదున్న రెండోది చుట్టపుచూపుగా వచ్చినదానిలా చూస్తూ కూర్చుంటుంది. మా లారీది అలాంటిది కాదు. దాని లోపల పలుచని ప్లేట్లు ఒకదాన్నొకటి అదుముకుని ఉంటాయి. ఒక చక్రం జారితే అవి పట్టు బిగించి రెండోదానికీ పని చెబుతాయి. తోడికోడళ్ళ మధ్య అత్తగారిలాగా అని పోల్చారు అత్తయ్య, నవ్వకుండా.

ఆ ప్లేట్లు పట్టుకోవాలి, మలుపులో మాత్రం కాస్త జారాలి. ఉత్త గేర్ ఆయిల్ పోస్తే అవి మొండికేస్తాయి. పట్టుకుంటాయి, విదిలించుకుంటాయి, మళ్ళీ పట్టుకుంటాయి. తడి రోడ్డు మీద అలా జరిగితే వెనక చక్రాలు రెండూ ఒక్కసారే జారిపోవచ్చు. అందుకే ఆయిల్‌లో ఒక చిన్న సీసా మందు కలుపుతాం. తక్కువైతే బండి మూలుగుతుంది, ఎక్కువైతే ప్లేట్లకు పట్టు ఉండదు. మా షెడ్డులో దాన్ని ఉప్పు అంటాం.

ఆ ఉప్పే నా కొంప ముంచబోయింది.

పోయిన వారం ఒక ఉదయం ఆయన ఖాళీ లారీతో కొండ మీది క్వారీకి బయల్దేరాలి. పాత ఆయిల్ దించేసి కొత్తది పోశాను. సీసా మూత తీయబోతుంటే లోపల పాప ఏడ్చింది. సీసా జేబులో వేసుకుని పరిగెత్తాను. పాపను చంకనేసుకుని పొయ్యి మీద కూర కలుపుతుంటే కిటికీలోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"ఉప్పు వేశావా?"

"వేశానత్తయ్యా."

అబద్ధం కాదు. వేశాను, కూరలో.

ఆవిడ ఆయిల్ పెట్టె ప్లగ్గు బిగించేశారు. ఆయన వెళ్ళిపోయారు. గంట తర్వాత పాప నా జేబులో చెయ్యి పెట్టి సీసా బయటికి లాగింది. సీలు కూడా ఊడని నిండు సీసా.

ఆయనకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. స్టీరింగ్ పట్టుకుంటే ఫోన్ ముట్టరు. ఆ మంచి అలవాటును ఆ రోజు ఎంత తిట్టుకున్నానో. బయట చినుకులు మొదలయ్యాయి. ఏడుస్తూ వెళ్ళి అత్తయ్యకు చెప్పాను. ఆవిడ సీసా వైపు చూశారు, కూర గిన్నె వైపు చూశారు, షెడ్డు వ్యాన్ తాళాలు అందుకున్నారు.

దారి పొడుగునా ఒక్కో మలుపు దగ్గరా కళ్ళు మూసుకున్నాను. పాప మాత్రం ఒళ్ళో చప్పట్లు కొట్టింది. కొండ ఎక్కే ముందు మూతపడిన మిల్లు ఉంది. దాని ఖాళీ స్థలంలో మా లారీ నిలబడి ఉంది. కింద నుంచి రెండు కాళ్ళు బయటికి చాచి ఉన్నాయి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో ఒక కాలు రెండో కాలిని గోకింది.

వ్యాన్ చప్పుడు విని, వచ్చింది నేనొక్కదాన్నే అనుకున్నట్టున్నారు. "మలుపు వస్తే చాలు మూలుగుతోందే, అచ్చం మా అమ్మలాగే," అన్నారు లారీ కింద నుంచి.

అత్తయ్య గొంతుక్కూర్చున్నారు. "మీ అమ్మే వచ్చింది. బయటికి రా నాయనా."

నవ్వాపుకోలేక లారీ చక్రం పట్టుకుని నిలబడ్డాను. ఏడుపూ నవ్వూ కలిసి ఎక్కిళ్ళుగా వచ్చాయి. పెట్టెలోంచి కొంచెం ఆయిల్ పంపుతో లాగి, ఆ ఖాళీలో సీసా మొత్తం వంచాం. పోస్తే సరిపోదట, అది ప్లేట్ల సందుల్లోకి ఎక్కాలట. అందుకు నిదానంగా ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ గుండ్రంగా తిప్పాలి. "నీ చదువు ఎనిమిదితో ఆగింది కదా, ఎక్కు. బండి చేత ఎనిమిది దిద్దిద్దాం," అన్నారు అత్తయ్య.

నలుగురం క్యాబిన్‌లో ఇరుక్కున్నాం. ఆయన స్టీరింగ్ తిప్పారు. అంత పెద్ద లారీ పలక మీద బలపంలా ఎనిమిది మీద ఎనిమిది దిద్దింది. మొదటి దానికి గుర్రుమని మూలిగింది. నాలుగో దానికి గొణిగింది. పాప కూడా దానితో పాటు గుర్రుమంటూ కేరింతలు కొట్టింది. అత్తయ్య తల బయట పెట్టి చెవి ఒగ్గారు, జుట్టంతా తడిసిపోతున్నా. ఎన్నో ఎనిమిదో లెక్క తప్పింది, నా తల గిర్రున తిరుగుతోంది, లారీ నోరు మూసుకుంది. పాప గొంతు ఒక్కటే మిగిలింది.

ఇక భయం లేదని అత్తయ్య తేల్చేశారు. ఆయన కొండెక్కారు. సాయంత్రం రాయి ఎత్తుకుని అటునుంచి అటే దూరపు ఊళ్ళకు వెళ్ళారు. రోజూ ఫోన్ చేసి బాగానే ఉన్నానంటున్నారు. నడుం లోతు బురదలో కూర్చున్నా ఆయన చెప్పే మాట అదే. అంత దూరం ఆ ప్లేట్లు ఒరుసుకుంటూ వెళ్ళాయి కదా, ఏమాత్రం అరిగాయో ఎవరికి తెలుసు?

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆకుపచ్చ లారీ, వెనక తలుపు మీద పసుపు రంగులో చిన్న చేతి అచ్చు ఉంటుంది. మీ వీధి మలుపు తిరిగేటప్పుడు ఒక్క నిమిషం ఆగి వినండి. మూలుగు వినిపిస్తే చెయ్యెత్తి ఆపండి. వినిపించకపోయినా ఆపండి. ఎలా ఉన్నారో చూసి, తిన్నారో లేదో కనుక్కోండి. ఆయన మాట నమ్మకండి, ముఖం చూసి చెప్పండి.