లిఫ్టు నడిస్తే వెళ్తానన్నాను

మా బిల్డింగులో లిఫ్టు చెడిపోయి ఎన్నాళ్ళయిందంటే, 'లిఫ్టు పనిచేయదు' అని అంటించిన కాగితం వెలిసిపోయి అక్షరాలు కనబడక, దాని మీద కొత్త కాగితం అంటించాం. మరమ్మతు అంటూ జరిగింది ఆ కాగితానికే.

కింద పాలప్యాకెట్టు మర్చిపోయి వచ్చినవాళ్ళు మళ్ళీ దిగలేక పాలు లేని టీకి అలవాటుపడ్డారు. మెట్ల మలుపులో పక్కింటాయన ఎదురైతే పలకరించడానికి ఇద్దరికీ ఊపిరి ఉండదు. తలలూపుకుని ఎవరి దారిన వాళ్ళం పోతాం. మా మధ్య సంబంధాలు ఇంత బాగా ఎప్పుడూ లేవు.

ఎక్కేటప్పుడు ప్రతి అంతస్తులోనూ ఆగి అందరూ అసోసియేషన్ సెక్రటరీని తిడతారు. నేనూ తిడతాను. సెక్రటరీ నేనే.

ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిముల సెక్షన్ నాది. ఎవరైనా వచ్చి ఇల్లు కాలిపోయిందండీ అంటే, అయ్యో పాపం అని, కాలిందనడానికి ఆధారం అడగడం నా పని. ఫొటో తెస్తే, ఫొటోలో ఉన్నది మీ ఇల్లేనని ఇంకో కాగితం అడుగుతాను. అది కూడా తెస్తే కాసేపు బాధగా ఉంటుంది. తర్వాత ఇంకోటేదో తడుతుంది.

మా అయ్యగారు, అంటే మా సంఘం పాస్టరుగారు, మా బిల్డింగులోనే ఐదో అంతస్తులో ఉండేవారు. మేం మూడో అంతస్తు. మా సంఘమంటే పెద్దదేం కాదు, టైర్ల కొట్టు వెనక ఒక అద్దె హాలు. ఆరాధన అయ్యాక కుర్చీలు మడిచి గోడకు చేర్చడం నేను చేసే సేవ. ఒక ఆదివారం అలా మడుస్తుంటే అయ్యగారు గోడ పట్టుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

"బాబూ, నాకు ఊపిరి ఆడటం లేదు. వచ్చేవారం నుంచి ఆరాధనలో నిలబడి వాక్యం నువ్వు చెప్పు."

"నేనా అయ్యగారూ? నేను కుర్చీల మనిషిని."

"కుర్చీలు ఎవరైనా మడుస్తారు. నీకు దేవుడి పిలుపుంది. నాకు తెలుస్తోంది."

"ఎలా తెలుస్తోందండీ?" అన్నాను. ఆఫీసు అలవాటు.

"ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే నువ్వు తెరిచి, ఎవరు ఏడుస్తున్నారో చూస్తావు. అయ్యాక వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటావు. నేను చూశాను."

"అంటే మీరూ కళ్ళు తెరిచే ఉంటారా?"

"నాది ఉద్యోగం బాబూ. నీది కాదుగా, మరి నువ్వెందుకు తెరుస్తున్నావ్?"

నేను ఇంకో కుర్చీ అందుకున్నాను. "ప్రార్థన చేసి చెప్తానండీ" అన్నాను. బట్టల షాపులో ఉన్నవన్నీ విప్పించి 'మళ్ళీ వస్తాం' అంటాం చూడండి, మా సంఘంలో ఈ మాట అలాంటిది. అయ్యగారు నా చేతిలో కుర్చీ తీసుకుని తనే మడవబోయారు. మధ్యలో ఊపిరందక అదే కుర్చీలో కూర్చుండిపోయారు.

నిజానికి ఆ మాట వినగానే నా ఒళ్ళు ఝల్లుమంది. ఎన్నో ఏళ్ళుగా ఆఫీసు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మనసులో ప్రసంగాలు చెప్పుకుంటున్న సంగతి మా ఆవిడకు కూడా తెలియదు. బస్సులో నేను చాలా బాగా మాట్లాడతాను. నా ఎదురు సీటు ఆయన మారుమనసు పొందకుండా దిగిన రోజు లేదు. కాకపోతే ఆయనకు ఆ విషయం తెలియదు.

అలాంటి వాణ్ణి నిజం మనుషుల ముందు నిలబడమంటే? మా ఆఫీసులో టీ కమిటీ మీటింగులో చక్కెర తగ్గించమని చెప్పడానికే గొంతు పట్టేసింది నాకు. ఇక పాపం, క్షమాపణ లాంటి విషయాలు నేనెక్కడ చెప్పను?

మర్నాడు మంచినీళ్ళ క్యాను భుజాన వేసుకుని మెట్లెక్కుతూ రెండో అంతస్తులో ఆగి దేవుడితో ఒక ఒప్పందం చేసుకున్నాను. బైబిల్లో ఒకాయన గొర్రెబొచ్చు నేల మీద పరిచి, దాని మీద మంచు పడితే నీ పిలుపేనని నమ్ముతానన్నాడట. నా దగ్గర గొర్రెబొచ్చు లేదు. ఎదురుగా లిఫ్టు ఉంది. "ప్రభువా, ఇది నీ పిలుపే అయితే ఈ లిఫ్టు నడవనీ. నడిచిన రోజున వెళ్ళి నిలబడతాను" అన్నాను. భుజం మీద క్యాను అలాగే ఉన్నా ఒళ్ళు తేలికైపోయింది.

మా ఆవిడకు చెప్తే కూరగాయలు తరగడం ఆపి నావైపు చూసింది.

"ఏమండీ, ఆ లిఫ్టు మెకానిక్‌కి ఫోన్ చేయాల్సింది ఎవరు?"

"సెక్రటరీ."

"సెక్రటరీ ఎవరు?"

నేను వంకాయలు బాగున్నాయన్నాను.

"అంటే మీరు ఫోన్ చేసేదాకా దేవుడు ఆగాలి. దేవుడు లిఫ్టు నడిపించేదాకా మీరు ఆగుతారు. బాగుంది. ఇద్దరూ హాయిగా కూర్చోండి."

మా ఆవిడకు ఆత్మీయ విషయాలు లోతుగా అర్థం కావు అనుకున్నాను. అలా అనుకోవడం ఒక మగవాడికి ఎంత అవసరమో మీకు తెలుసు.

ఆ ఆదివారం మెట్లెక్కి ఇంటికి వెళ్ళిన అయ్యగారు మళ్ళీ కిందికి దిగలేదు. డాక్టరు మెట్లు వద్దన్నాడు. సంఘంలో వాక్యం చెప్పేవాళ్ళు లేరు. కీబోర్డు వాయించే పిన్నిగారు ఉన్న పాటలన్నీ వాయించి, మళ్ళీ మొదటి పాట దగ్గరికి వచ్చేసేవారు. జనం పల్చబడ్డారు. నేను మడవాల్సిన కుర్చీలు తగ్గాయి. పని తేలికైందని ఒక్క క్షణం సంతోషించాను కూడా. నాలాంటి వాడికి పిలుపేమిటో మీరే చెప్పండి.

ఒక సాయంత్రం ఉండబట్టలేక ఐదో అంతస్తుకు వెళ్ళాను. అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, తలుపు తీసి "రా బాబూ, నువ్వైనా వచ్చావు. పైకెక్కడానికి భయపడి ఎవరూ రావడం లేదు" అని మంచినీళ్ళిచ్చి వంటింట్లోకి వెళ్ళారు. అయ్యగారు కిటికీ దగ్గర దిండ్లకు ఆనుకుని ఉన్నారు. మనిషి సగమైపోయారు.

"లిఫ్టు ఎప్పుడు బాగవుతుంది బాబూ?"

గొంతులో నీళ్ళు అడ్డం పడ్డాయి.

"ఒక్క ఆదివారం కిందికి వస్తే చాలు నాకు. వెనక వరసలో కూర్చుని నువ్వు మాట్లాడుతుంటే వినాలి. ముందు వరస వద్దు. అందరూ వెనక్కే ఎందుకు పోతారో నేనూ చూడాలి."

నాకు ఆ దిండ్లు చూస్తుంటే తట్టుకోవడం కష్టమైంది. మెల్లగా చెప్పేశాను. గొర్రెబొచ్చు, లిఫ్టు, ఒప్పందం, ఫోన్ చేయకపోవడం, అన్నీ. అయ్యగారు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గాక కళ్ళు తుడుచుకున్నారు.

"అయితే నేనిక్కడ ఇరుక్కున్నది నీ గొర్రెబొచ్చులోనన్నమాట."

"క్షమించండి అయ్యగారూ. నాకు ధైర్యం లేదు. మీకున్నట్టు..."

"నాకుందని ఎవరు చెప్పారు? ఆదివారం పొద్దున లేవగానే కడుపులో తిప్పుతుంది నాకు. మొదటి వారం తిప్పింది. కొత్త కదా, తగ్గుతుందిలే అనుకున్నా. ముసలాణ్ణయినా తగ్గలేదు. ఇంట్లోంచి హాలు దాకా నడుస్తూ, ఇవాళ తాళం చెవి పోతే బాగుండు అనుకునేవాణ్ణి."

"మరి ఎలా వెళ్ళేవారు?"

"తిప్పుతుండగానే వెళ్ళేవాణ్ణి. తగ్గాక వెళ్దామనుకుంటే నీలా అయిపోయేవాణ్ణి."

కిందికి దిగుతూనే మెకానిక్‌కి ఫోన్ చేశాను. అతను మర్నాడే వచ్చాడు. నేనిన్నాళ్ళూ భయపడిందంతా ఒక్క ఫోన్‌ దూరంలో ఉందన్నమాట. పైకెక్కి మోటారు చూసి, "బ్రేకు పోయింది సార్. కొత్తది తెప్పించాలి, సోమవారానికి వస్తుంది. మీవాళ్ళు సరే అంటే ఆర్డరు పెడతా" అన్నాడు.

మావాళ్ళు సరే అనడానికి మీటింగు పెట్టాం. గ్రౌండ్‌ఫ్లోరు పెద్దాయన లేచి, "నేను పుట్టి బుద్ధెరిగాక ఆ లిఫ్టు ఎక్కలేదు. నాకెందుకు?" అన్నాడు. పైఅంతస్తావిడ, "మీ గేటు మాకెందుకు మరి? మేం ఎగిరొస్తాం" అంది. మెట్లెక్కడం గుండెకు మంచిదని ఒకాయన గట్టిగా వాదించాడు. ఆయన మొదటి అంతస్తు. నేను లేచి, "ఐదో అంతస్తులో ఒక మనిషి దిగలేక ఉన్నారు" అన్నాను. గొంతు పట్టెయ్యలేదు. అందరూ నావైపు వింతగా చూసి, సరే అన్నారు.

కానీ సోమవారానికి ముందు ఆదివారం ఉంది. అయ్యగారి పెదాలు నీలంగా మారుతున్నాయని అమ్మగారు చెప్పారు. కుర్చీలో కూర్చోబెట్టి దింపుతామంటే, ఆ కుదుపుకు తట్టుకోలేరని డాక్టరు వద్దన్నాడు. శనివారం పైకెళ్ళి, "అయ్యగారూ, లిఫ్టు రాకపోయినా రేపు నేను మాట్లాడతాను. ఫోన్లో వినండి" అన్నాను. ఆయన నా చెయ్యి నొక్కి వదిలేశారు. నొక్కుడులో బలం లేదు.

ఆదివారం పొద్దున కడుపులో తిప్పింది. టైర్ల కొట్టు దాటుతూ హాలు తాళంచెవి పోయిందేమోనని జేబు తడిమి చూశాను. ఉంది.

ముందు నిలబడి ఫోన్ కలిపి బల్ల మీద పెట్టాను. బస్సులో చెప్పుకున్న ప్రసంగాల్లోంచి ఒక్క ముక్క గుర్తు రాలేదు. పిన్నిగారు కీబోర్డు మీద చేతులు పెట్టుకుని, అవసరమైతే మొదటి పాట అందుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. చివరికి నా నోట్లోంచి వచ్చిన మొదటి వాక్యం, "అయ్యగారూ, వినబడుతోందా?"

ఫోన్లోంచి చిన్నగా, "ఆఁ, వినబడుతోంది. కానివ్వు బాబూ" అని వచ్చింది.

అప్పుడు నాకు తెలిసిందేదో చెప్పాను. మా ఆఫీసుకు ఒకాయన వచ్చి భార్య పోయిందన్నాడు. కాగితం అడిగాను. తెచ్చాడు. ఇంకోటి అడిగాను. అదీ తెచ్చాడు. మూడోది అడిగితే, 'సార్, ఆవిడ ఉంటే నేను ఇన్నిసార్లు ఒక్కణ్ణే వస్తానా?' అన్నాడు. నేను దేవుణ్ణి కూడా అలా తిప్పుతూనే ఉన్నానని, ఆయన విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ నా కౌంటరు కిటికీ దగ్గరికి వస్తూనే ఉన్నాడని చెప్పాను. అంతే. ఎలా ముగించాలో తెలియక కూర్చున్నాను. వెనక వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. జలుబు అయ్యుండొచ్చు.

ఫోన్ ఎత్తి, "అయ్యగారూ" అన్నాను. ఫ్యాను చప్పుడు వినిపించింది. తర్వాత అమ్మగారి గొంతు.

"పడుకున్నారు బాబూ. చెవి దగ్గర ఫోన్ అలాగే ఉంది."

"ఎప్పుడు పడుకున్నారమ్మా?"

"నేను స్టవ్ దగ్గరున్నా. చూడలేదు."

మధ్యాహ్నం ఆయన పోయారు. మళ్ళీ లేవలేదు. 'కానివ్వు బాబూ' అన్న తర్వాత ఒక్క మాటైనా విన్నారో లేదో నాకు తెలియదు.

సోమవారం ఆయన్ను మెట్ల మీదుగా దింపుతుంటే రెండో అంతస్తు మలుపులో మెకానిక్ కొత్త బ్రేకు చేత్తో పట్టుకుని ఎదురయ్యాడు. గోడకు అతుక్కుని దారిచ్చాడు. దణ్ణం పెట్టబోయాడు కానీ చేతులు ఖాళీ లేవు. సాయంత్రం మేం సమాధుల తోట నుంచి తిరిగొచ్చేసరికి లిఫ్టు తలుపులు తెరుచుకుని, లోపల లైటు వెలుగుతోంది. నేను అడిగిన సూచనే. రాలేదనడానికి లేదు. గ్రౌండ్‌ఫ్లోరు పెద్దాయన అందులో పైకీ కిందికీ ఊరికే తిరుగుతున్నాడు.

పిన్నిగారు హాలు తాళం నా దగ్గరే ఉంచమన్నారు. "వచ్చేవారమూ నువ్వే కదా నాయనా?" అన్నారు. ప్రార్థన చేసి చెప్తానందామని నోరు తెరిచాను. "నేనే పిన్నీ" అని వచ్చింది. వెళ్తాను. కడుపులో ఇప్పటినుంచే తిప్పుతోంది, అయినా వెళ్తాను. ఎంతమంది వస్తారో, ఎన్నాళ్ళు వస్తారో తెలియదు, నాకేం ఆశ లేదు. టైర్ల కొట్టాయన హాలు గోడౌనుకు అడుగుతున్నాడని కూడా విన్నాను.

నా బాధ అది కాదు. ఇవాళ పొద్దున ఆఫీసుకు బయల్దేరి బటన్ నొక్కితే లిఫ్టు మా మూడో అంతస్తులో ఆగి తలుపు తెరుచుకుంది. లోపల అమ్మగారు. ఎక్కక తప్పలేదు. మా లిఫ్టు ఎంత నెమ్మదో నాకు ఇంతకుముందు తెలియదు. రెండో అంతస్తు దాటాక ఆవిడ గోడ మీద చెయ్యి వేసి, "బాగా నడుస్తోంది బాబూ. ఆయనకు ఎంత ఉపయోగపడేదో" అన్నారు.

నేను అంతస్తుల నంబర్లు చూస్తూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం నేను చెప్పినదంతా అయ్యగారు ఆవిడకు చెప్పారో లేదో నాకు తెలియదు. చెప్పి ఉంటే ఆవిడ ఆ మాట ఎందుకన్నారు? చెప్పకపోతే, ఆదివారం ముందు వరసలో ఆవిడ కూర్చుని ఉండగా నేను నిలబడి ఏం మాట్లాడతాను? ముందే వెళ్ళి చెప్పెయ్యాలా? చెప్పి ఆవిడకున్న కాస్త నెమ్మదీ చెడగొట్టాలా? మీలో ఎవరికైనా ఇలాంటిది తెలిసి ఉంటే, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఏదో ఒకటి చెప్పండి. ఆధారాలేమీ అడగను. శనివారం లోపు చెప్తే చాలు. అప్పటిదాకా నేను మెట్ల మీదే ఎక్కి దిగుతుంటాను.