అన్న మీద మేస్త్రీ

వరంగల్ స్టేషను పక్కనున్న పత్తిమిల్లులో ఇమ్మానుయేలు మేస్త్రీ అయిన నాడు అందరికంటే ఎక్కువ సంబరపడ్డది అతని అన్న పౌలు. అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడ్డది ఇమ్మానుయేలే. పౌలు అదే మిల్లులో, అదే జట్టులో పత్తి గంపలు మోసే కూలీ మరి. తల్లీ తండ్రీ ఒకే కలరా గత్తరలో పోతే, తమ్ముణ్ణి భుజాన వేసుకుని నర్సంపేట అవతలి పల్లె నుంచి నడిచొచ్చి, తాను గంపలు మోస్తూ వాణ్ణి చర్చి బడిలో చదివించినవాడు. ఆ నాలుగు అక్షరాలే ఇమ్మానుయేలును మేస్త్రీని చేశాయి. అలాంటి అన్నను పట్టుకుని "ఆ గంప ఎత్తు" అనడానికి ఏ తమ్ముడికి నోరొస్తుంది?

నోరు రాలేదు కాబట్టే ఒక ఉపాయం కనిపెట్టాడు. అన్నకు పని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, మిషనులో పత్తి వేసే యాకమ్మ వైపు తిరిగి, "మూలమీది మిషను కాడ పత్తి అయిపోయినట్టున్నది యాకమ్మా" అనేవాడు. "అవు, అయిపోయింది" అనేది యాకమ్మ. పౌలు లేచి గంప ఎత్తేవాడు. జట్టంతా ఒకే పల్లెవాళ్లు, ఇమ్మానుయేలు పూచీ మీద మిల్లులోకి వచ్చినవాళ్లు. ఈ నాటకం వాళ్లందరికీ తెలుసు. ఒక్కరూ నవ్వలేదు. పెద్దవాడి ముందు చిన్నవాడు అలాగే ఉండాలి, ఇందులో నవ్వడానికేముంది? పాత మేనేజరూ పట్టించుకోలేదు. పత్తి ఆడితే ఆయనకు చాలు.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన ఏడాది కొత్త మేనేజరు రాజేశ్వర్ రావు వచ్చాడు. బొంబాయి మిల్లుల్లో పని నేర్చినవాడు. వచ్చిన వారంలోనే ఆఫీసు గోడ మీద సుద్దతో డబ్బాలు గీశాడు. పైన సేటు, ఆయన కింద మేనేజరు, ఆ కింద మేస్త్రీలు, అట్టడుగున కూలీలు. "హుకుం పైనుంచి కిందికి వస్తది. జవాబు కిందినుంచి పైకి పోతది. నడుమ డబ్బా దాటి ఎవ్వడు మాట్లాడొద్దు" అని అందరినీ నిలబెట్టి చెప్పాడు. బాగానే ఉంది. ఆ గోడ మీద అన్నలకూ తమ్ముళ్లకూ మాత్రం డబ్బాల్లేవు. గీసినాయనకు ఆ ఆలోచనే రాలేదు, వచ్చినా గీసే రకం కాదు.

ఒకనాడు హైదరాబాదు నుంచి సేటు మిల్లు చూడటానికొచ్చాడు. రాజేశ్వర్ రావు ఆయన్ను వెంటబెట్టుకుని, "ఇతను మా మేస్త్రీ. ఈ జట్టంత ఇతని చేతి కింద" అని చూపించాడు. ఇమ్మానుయేలు ఛాతీ విరిచి సలాం కొట్టాడు. సరిగ్గా అప్పుడే మిషన్ల చప్పుడును మించి పౌలు గొంతు వినిపించింది.

"ఒరేయ్ చిన్నోడా! మూతినిండ దూదే ఉన్నది. పెద్దమనుషుల ముంగట గట్లనే నిలబడ్తవా? జర తుడుసుకోరా!"

తమ్ముడి పరువు కాపాడుదామనుకున్నాడు పాపం. ఇమ్మానుయేలు చెయ్యి అలవాటు కొద్దీ మూతి మీదికి పోయింది. సేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మన మిల్లుల కూలీ హుకుం జేస్తె మేస్త్రీ ఇంటడా రావుసాబ్?" అన్నాడు. రాజేశ్వర్ రావు మొహం కందగడ్డయింది.

సేటు బండి కదిలీ కదలకముందే ఇమ్మానుయేలుకు పిలుపొచ్చింది.

"రేపు పొద్దుగాల నేనొచ్చి నిలబడ్త" అన్నాడు రాజేశ్వర్ రావు. "జట్టు ముంగట మీ అన్నను పేరు పెట్టి పిలువు. పని మొఖం మీద చెప్పు. వాడు నిన్ను మేస్త్రీ అనాలె. రేపొక్కనాడు గాదు, రోజూ. చెయ్యకుంటె వాడు ఇంటికి పోతడు."

"మా అన్న నాకు తండ్రసొంటోడు సార్."

"ఇంట్ల తండ్రి. ఈడ గంపలోడు."

"అయితె నన్నే కూలీగ ఏస్కోండ్రి. నేను గంపలు మోస్త. మేస్త్రీ ఇంకెవలన్న గానీ."

రాజేశ్వర్ రావు గోడ వైపు చూపించాడు. "ఈ డబ్బాలకెల్లి కిందికి దిగుడు ఉండది. దిగితె బయటికే. నువ్వు పోతె నీ పూచీ మీద వచ్చినోళ్లంత నీ ఎంబడే పోతరు. మేస్త్రీ పోతె జట్టు పోవుడు మీ కట్టుబాటేనాయె. నేను పెట్టింది గాదు."

అది నిజమే. ఉంటే అన్న పరువు పోతుంది. పోతే జట్టులో ప్రతి ఇంటి పొయ్యీ ఆరిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఇమ్మానుయేలుకు ఆ పూట తెలిసొచ్చింది.

ఖిలా వైపు ఇంటికి నడుస్తుంటే పౌలే అడిగాడు. దాచడం చేతకాక తమ్ముడు అంతా చెప్పేశాడు.

"పిలువు మరి" అన్నాడు పౌలు. "పేరు పెట్టిందే పిలువనీకి. నీ నోట్లె నా పేరు ఎన్నడు ఇననేలేదు. ఎట్లుంటదో సూద్దాం తియ్."

ఆ మాటకు ఇమ్మానుయేలు గుండె కాస్త కుదుటపడింది. అన్న దీన్ని తేలిగ్గానే తీసుకున్నాడనుకున్నాడు.

పొద్దున రాజేశ్వర్ రావు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఇమ్మానుయేలు గొంతు అవసరానికి మించి పెగిలింది.

"పౌలూ! గంప తే!"

మిషన్ల దగ్గర ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. యాకమ్మ తల దించుకుంది. పౌలు గంప తలకెత్తుకున్నాడు. "తెస్తున్న మేస్త్రీ" అన్నాడు. రాజేశ్వర్ రావు తలూపి వెళ్లిపోయాడు.

ఆ రోజు ఇమ్మానుయేలు అన్నను ఎన్నిసార్లు పిలవాల్సి వచ్చిందో! మొదట్లో ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయాడు. పొద్దుగూకేసరికి ఆ పేరు నోట్లో సులువుగా తిరగసాగింది. సిగ్గు కంటే అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

ఇంట్లో ఇమ్మానుయేలు భార్య విమల అన్నదమ్ములకు అన్నం వడ్డించింది. ఆ ఇంట్లో భోజనం ముందు ప్రార్థన ఎప్పుడూ పౌలుదే. ఆ పూట అతను తన చోటు వదిలి చాప చివరికి జరిగాడు.

"నువ్వు చెయ్యి మేస్త్రీ."

పరాచికమనుకుని ఇమ్మానుయేలు నవ్వాడు. "ఇంట్ల గూడ ఏందే అన్నా?"

"నవ్వులాట గాదు. పొద్దంత మేస్త్రీ అని, పొద్దుమీకి ఒరేయ్ అంటె నా నాలుక మాట ఇనది. ఎన్నడో ఒకనాడు మల్ల ఆ సార్ ముంగట జారుతది. జారితె నా ఒక్కని కొలువే పోతదా? నీదీ పోతది, జట్టంత బజార్ల పడతది. గందుకె ఇంట్ల గూడ గిదే అలవాటు చేసుకుంట."

"అన్నా..."

"అన్న అనకు. పౌలు అను. నువ్వు గూడ అలవాటు చేసుకోవాలె." ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఏ కాస్త కోపం ఉన్నా ఇమ్మానుయేలు అన్న కాళ్ల మీద పడి బతికిపోయేవాడు.

పౌలు చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక విమలా కళ్లు మూసుకుంది. కొలువు నిలిచింది, జట్టు నిలిచింది, అన్న కూడా ఎదురుగానే ఉన్నాడు. అయినా ఇమ్మానుయేలుకు గత్తరలో తల్లీతండ్రీ పోయిన నాటి దిక్కులేనితనం ఇప్పుడు వచ్చి మీద పడింది. ప్రార్థన మొదలుపెడదామని నోరు తెరిచాడు. ఏడుపు తన్నుకొచ్చింది.

పౌలు కళ్లు తెరవలేదు.

"కానియ్ మేస్త్రీ" అన్నాడు మెల్లగా. "బువ్వ సల్లారుతాంది."