మాస్టారి ఊపిరి

మా ఆయన సీతారామాంజనేయులు రేపల్లెలో లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక, బాపట్లలో ఏదో శిబిరానికి వెళ్లి చీగాంగ్ నేర్చుకుని వచ్చారు. చైనావాళ్ల పాత విద్య అది. నెమ్మదిగా చేతులు కదుపుతూ పొట్టనిండా గాలి పీల్చి వదలడం. ఆ ఏడు ఆయన ఉబ్బసం కాస్త నెమ్మదించింది. ఇంకేముంది, తెనాలిలో మా వాకిట్లోనే నలుగురికీ నేర్పడం మొదలుపెట్టారు. ఒకరోజు గొప్పకు పోయి, "నేను ఇన్‌హేలర్ పారేశానండి" అనేశారు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. నేర్చుకునేవాళ్లంతా శాలువా కప్పి ఆయన్ని గురువుగారిని చేశారు.

2005 చలికాలంలో రైసు మిల్లుల దుమ్ముకి ఉబ్బసం తిరిగొచ్చింది. కొత్త ఇన్‌హేలర్ లాల్చీ జేబులో చేరింది. వాకిట్లో శిష్యులకు వినపడకుండా స్నానాలగదిలో కుళాయి తిప్పి పీల్చుకునేవారు. బయట కాపలా నేను. నా ఇంట్లో నాకీ దొంగబతుకేంటని ఒళ్లు మండేది.

"చెప్పెయ్యండి," అన్నాను.

"ఎలా చెప్పనే? నా మాట నమ్మి దానమ్మగారు ఉబ్బసం మందు మానేసింది."

దానమ్మ మున్సిపల్ స్కూల్లో టీచరు. ఆ వారమే మా వాకిట్లో చీగాంగ్ చేస్తూ చేస్తూ ఆయాసంతో కూలబడింది. పెదాలు నల్లబడ్డాయి. ఈయన గబగబా తన ఇన్‌హేలర్ తీసి ఆవిడ నోట్లో పెట్టారు. ఆవిడ తేరుకుంది. ఆ కంగారుకి ఈయనకి ఎగశ్వాస వచ్చింది. నేనే ఇన్‌హేలర్ లాక్కుని, అందరూ చూస్తుండగా ఆయన నోటికి పెట్టాను.

"ఇది ఈయన మందేనండి. రోజూ వాడుతున్నారు," అన్నాను.

"నిజమేనండి. అబద్ధం చెప్పాను. దానమ్మగారూ, మీరు మందు మానకండి," అన్నారాయన.

నా ప్రాణం తేలికపడింది. ఇక బయటపడ్డామనుకున్నాను.

శిష్యుల్లోంచి వాకర్స్ సంఘం ప్రెసిడెంటు ప్రకాశంగారు చేతులు జోడించారు. "చూశారా, ఆవిడ ఉబ్బసం మాస్టారు తన మీదికి లాక్కున్నారు. మహానుభావులు పైకి చెప్పుకోరండి."

"ఇంక నాకు మందెందుకండి మాస్టారూ," అంటూ దానమ్మ ఆయన కాళ్లకు దణ్ణం పెట్టింది.

తెల్లారేసరికి మా గేటు ముందు వేమూరు ఆటోలు, కొల్లూరు ఆటోలు. కిటికీలోంచి చూసి ఆయన గబగబా చెప్పుల్లో కాళ్లు పెట్టారు.

"కామేశ్వరీ, దొడ్డితలుపు తియ్యి."

తీశాను. గుమ్మంలో ఎవరో పిల్లతల్లి. ఎగపోస్తున్న పసిదాన్ని ఆయన చేతుల్లో పెట్టేసి వెనక్కి జరిగింది.

"దీని ఆయాసం కూడా మీరే తీసేసుకోండి బాబూ."