జరిపిన స్వరాలు

ముప్ఫై ఏళ్లు బృందంతో కలిసి హాళ్లు దద్దరిల్లేలా గిటారు వాయించిన మావయ్య మొదటిసారి తన ఒక్కడి పేరుతో ఆల్బమ్ చేస్తున్నాడు. తొమ్మిది బ్లూస్ రాక్ పాటలు. పేరుకు రాకే గానీ ఎక్కడా హోరు లేదు. అన్నీ మెత్తగా, భోజనం చేసి నడుం వాల్చినట్టుగా సాగుతాయి.

"ఏరా, నిద్రపుచ్చే పాటలా ఇవి? నా కర్రలు ఆవలిస్తున్నాయి," అన్నాడు గడియారం. ఆయన మావయ్య చిన్ననాటి స్నేహితుడు, డ్రమ్స్ వాయిస్తాడు. తాళం తప్పడు కాబట్టి ఆ పేరు.

"నీకెప్పుడూ తొందరే. మెల్లగా వాయించడానికే దమ్ము కావాలి," అన్నాడు మావయ్య.

స్టూడియోలో అద్దానికి ఇవతల కంప్యూటర్ ముందు నేను కూర్చుంటాను. దగ్గులు, కుర్చీ కిర్రులు తీసేయడం నా పని. ఎప్పుడైనా ఒకటీ అరా స్వరం తాళానికి అందకపోతే దాన్ని సరైన చోటికి జరపడం కూడా. తెర మీద స్వరం చిన్న ముద్దలా కనిపిస్తుంది. వెంట్రుకవాసి జరిపితే సరిపోతుంది. మర్నాడు పొద్దున మావయ్య వినేది ఆ సరిచేసిన పాటే.

మొదటి పాటలో ఒక్క స్వరం ఆలస్యంగా పడింది. జరిపాను. అంత పెద్దవాడికి చెప్పాల్సినంత తప్పు అనిపించలేదు. మూడో పాటలో పదకొండు జరిపాను. ఆరో పాటకి లెక్కపెట్టడం మానేశాను. అద్దంలోంచి చూస్తే ఆలస్యమంతా ఎడమచేతి ఉంగరపు వేలిదే.

మావయ్య మాత్రం పొద్దున్నే విని, "చూశావా అమ్మాయ్, వయసు నా చేతిదాకా రాలేదు," అనేవాడు. నేను తలూపేదాన్ని. అలా నాలుగు నెలలు గడిచాయి.

తొమ్మిదో పాట రికార్డయిన రోజు అత్తయ్య ఫ్లాస్కు తెచ్చి నా పక్కన కూర్చుంది.

"షర్టు గుండీలు నన్నే పెట్టమంటున్నారే. మొన్న గ్లాసు జారవిడిచారు. డాక్టరు దగ్గరికి పదండంటే, నిన్నటి పాట విను, చేతికేమైందో అందులో చూపించు అంటారు. విన్నాను. బాగానే ఉంది కదూ?"

ఆమెకి సాక్ష్యంగా చూపించిన పాట నేను సరిచేసినది. "రేపు మాట్లాడతాను అత్తయ్యా," అన్నాను.

మర్నాడు మావయ్య, గడియారం వినడానికి వచ్చి కూర్చున్నారు. తొమ్మిదో పాటని ఏమీ జరపకుండా ఉన్నదున్నట్టు పెట్టాను. అర నిమిషం కాకముందే గడియారం చేతిలో కర్రలు తిప్పడం ఆపాడు.

"ఇదెవరు వాయించారు?" అన్నాడు మావయ్య.

"నువ్వే మావయ్యా."

"మరి ఇన్నాళ్లూ నేను విన్నవి?"

"అవీ నువ్వే. వెనకబడ్డ స్వరాలు నేను జరిపాను."

"ఎప్పటినుంచి?"

"మొదటి పాటనుంచి."

కోప్పడతాడనుకున్నాను. "అసలువి ఉన్నాయా? వరసగా పెట్టు," అన్నాడు.

నేను ఏదీ చెరపలేదు. పెట్టాను. నాలుగు నెలలు ముప్పావుగంటలో గడిచిపోయాయి. మొదట ఆ వేలు తడబడింది. తర్వాత ఆలస్యంగా వచ్చింది. ఏడో పాటనుంచి అసలు రాలేదు. అది రావాల్సిన చోటల్లా మావయ్య తనకు తెలియకుండానే ఖాళీ వదిలాడు. మేమందరం మెత్తదనం అని మెచ్చుకున్నది ఆ ఖాళీనే.

"నేనైనా చెప్పి ఉండాల్సిందిరా. నా తాళానికి నువ్వు అందలేదని నాకు తెలుస్తూనే ఉంది. మెల్లగా వాయిస్తున్నావు కదా అనుకున్నాను," అన్నాడు గడియారం. ఆయన గొంతులో వెటకారం లేదు.

మావయ్య ఎడమచెయ్యి బల్లమీద పరిచాడు. చూపుడు వేలు లేపాడు. మధ్య వేలు లేపాడు. ఉంగరపు వేలు లేవలేదు. గడియారం కిటికీవైపు తిరిగాడు.

మెట్లమీద అత్తయ్య చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు తోసి, "ఎలా వచ్చింది పాట?" అంది.

నేను మావయ్యని చూశాను.

"అసలుదే పెట్టు," అన్నాడు. "డాక్టరుక్కూడా అదే కాపీ చేసివ్వు."

పాట మొదలైంది. బల్లమీద ఉంగరపు వేలు కదల్లేదు. దాని పక్కన చిటికెన వేలు, ఎవరూ అడగకుండానే, సన్నగా వణకడం మొదలుపెట్టింది.