ఇరవై అడుగుల దూరం

టీ బడ్డీ ఇంకా యాభై గజాలు ఉందనగానే నరసింగరావు అడుగు పెంచాడు. ఫస్ట్ షిఫ్టుకి వెళ్లేవాళ్లు సైకిళ్లు కాలితో ఆపుకుని టీ తాగే చోటు అది. అక్కడ మంకీ క్యాపు కనుబొమల మీదికి లాక్కుని, అర్జెంటు పని మీద పోతున్నవాడిలా నడుస్తాడు. అతనికి ఏ పనీ లేదని, ఆరోగ్యం కోసం నడుస్తున్నాడని రిసాలి కాలనీ అంతటికీ తెలుసు.

వెనకాల ఇరవై అడుగుల దూరంలో హవాయి చెప్పులు టపటపమంటున్నాయి. అది అతని భార్య జోగమ్మ. మూడు నెలలుగా రోజూ ఇదే వరస.

హిందీవాళ్ల ఊళ్లోని ఆ ఉక్కు ప్లాంటులో అతను క్రేను ఆపరేటరు. యాభై అడుగుల ఎత్తున కేబిన్లో కూచుని ఇరవయ్యారేళ్లు టన్నుల కొద్దీ ఇనుము ఎత్తి దించాడు. కదిలింది ఇనుమే గాని అతను కాదు. పొట్ట మాత్రం ఏటేటా కాస్త ముందుకి జరిగింది. తొంభై మూడు అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆ కేబిన్లోనే గుండె పట్టేసింది. తోటి ఆపరేటరు సత్యారావు అతన్ని వీపుకి తాళ్లతో కట్టుకుని నిచ్చెన దిగాడు. కింద నలభైమంది తలలెత్తి చూశారు. ప్యాంటు తడిసిపోయిందని నేల మీద పడుకోబెట్టాక గాని అతనికి తెలియలేదు. ప్రాణం దక్కిన సంతోషం నాలుగు రోజులుంది. ఆ తడి తాలూకు సిగ్గు ఇంకా పోలేదు.

ఆస్పత్రి డాక్టరు ఓపిగ్గా బొమ్మ గీసి చెప్పాడు. నడిస్తే పిక్కల కండలు బిగుస్తూ వదులవుతూ రక్తాన్ని పైకి తోస్తాయట. నాళాలు వెడల్పవుతాయి, గుండెకి శ్రమ తగ్గుతుంది. రోజూ నడవగా నడవగా అది తక్కువసార్లు కొట్టుకుని ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. మూడు నెలలు నడిచి, ఆస్పత్రిలో కదిలే బెల్టు మీద పరీక్ష నెగ్గితే మళ్లీ క్రేను. లేకపోతే స్టోర్సులో ఒక మూల కుర్చీ. ఆఖరికి ఇంకో మాట కూడా అన్నాడు.

“రావ్‌జీ, బీవీ కో సాథ్ లేకే చలో. బాత్ కర్తే హుయే.”

భార్యని తోడు తీసుకుని, మాట్లాడుతూ నడవాలి. మాట మధ్యలో ఊపిరి తెగుతుంటే వేగం ఎక్కువైనట్టు, వెంటనే తగ్గాలి.

అన్నీ చేశాడు గాని ఆ ఒక్కటీ నరసింగరావు వల్ల కాలేదు. పెళ్లాంతో పక్కపక్కన కబుర్లాడుతూ నడిరోడ్డు మీదా! పెద్ద క్వార్టర్లుండే సెక్టారుల్లో ఆఫీసర్లు అలా నడుస్తారు, వాళ్లకి చెల్లుతుంది. విజయనగరం అవతల వాళ్ల ఊళ్లో అతని నాన్న సంతకి ముందు నడిస్తే అమ్మ వెనక నడిచేది. అసలు రావద్దన్నాడు జోగమ్మని.

“ఏటి, నానొస్తే మీ రోడ్డు అరిగిపోద్దా?” అందామె.

సరే, వెనకాల రమ్మన్నాడు.

నడక ఊరికే పోలేదు. ఇంటికి రాగానే గేటు దగ్గర నిలబడి కాస్త ఊపిరి సర్దుకున్నాక నాడి చూసుకుంటాడు. మొదట్లో తొంభై రెండు ఉండేది, ఇప్పుడు డెబ్బై రెండుకి దిగింది. ఆమె గేటు చేరగానే ఆ అంకె చెబుతాడు. “అమ్మయ్య” అంటుంది జోగమ్మ. రోజు మొత్తం మీద ఇద్దరి మధ్యా అదే పెద్ద కబురు. ఆమె చెయ్యి పట్టి చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆమెకీ తోచలేదు.

రేపే బెల్టు పరీక్ష. అందుకని ఇవాళ మరీ జోరుగా నడుస్తున్నాడు. సరిగ్గా బడ్డీ ముందుకి వచ్చేసరికి వెనకనుంచి జోగమ్మ గొంతు వినిపించింది.

“ఏవండీ... రవ్వంత నెమ్మదిగా నడండి. నాను రాలేకపోతన్నాను.”

ఇన్నాళ్లలో ఆమె రోడ్డు మీద నోరెత్తడం అదే మొదలు. బడ్డీ దగ్గర టీ తాగుతున్నవాళ్లలో సత్యారావు ఉండనే ఉన్నాడు.

“ఏటన్నయ్యా, వదినమ్మని ఒదిలీసి పరుగెడతన్నావు? రేసా ఏటి?”

నలుగురూ నవ్వారు. అభిమానం కొద్దీ నవ్విన నవ్వే గాని, నరసింగరావుకి తల కొట్టేసినట్టయింది. వెనక్కి తిరిగితే ఆగాలి. ఆగితే ఆమె వచ్చి అందరి ముందూ పక్కన నిలబడుతుంది. వినపడనట్టే ఇంకా వేగంగా నడిచాడు. కాసేపటికి చెప్పుల చప్పుడు ఆగిపోయింది. ఎవరితోనో మాటల్లో పడిందనుకున్నాడు. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది.

గేటు దగ్గర నాడి చూసుకుంటే అరవై ఎనిమిది. ఎన్నడూ లేనంత తక్కువ. ఆ మాట చెబుదామని అక్కడే నిలబడ్డాడు. రెండోసారి కూడా లెక్కపెట్టుకున్నాడు. అప్పుడు సత్యారావు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు, మొహంలో నెత్తురు లేదు.

“బేగి రా అన్నయ్యా. వదినమ్మ కల్వర్టు మీద కూకుండిపోయింది. పలకతంలేదు.”

నరసింగరావు పరుగెత్తాడు. ఆయాసం రాలేదు. రాలేదన్న సంగతి గమనించి, ఆ పరుగులోనే సిగ్గుపడ్డాడు.

జోగమ్మ కల్వర్టు గట్టు మీద కరెంటు స్తంభానికి చేరబడి ఉంది. అతను చెయ్యి అందుకుని మణికట్టు నొక్కాడు. నాడి నిబ్బరంగా తగిలింది.

“ఉందిరా! కొట్టుకుంతంది!”

ప్లాంటులో ఫస్టెయిడ్ నేర్చుకున్న సత్యారావు అతని వేలు మెల్లగా విడదీశాడు.

“బొటనేలితో చూడకూడదన్నయ్యా. అది నీ నాడి.”

మధ్యాహ్నానికి క్వార్టరు నిండా జనం. జబ్బు ఈయనకి, పోయింది ఆవిడ అని ఒకరితో ఒకరు అనుకున్నారు. ఆమె పిలిచింది, నేను విన్నాను అని ఎవరికైనా చెప్పాలనుకున్నాడు, నోరు రాలేదు. సత్యారావూ విన్నాడు. అతనూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నలుగురిలో తిట్టినా బాగుండును.

జోగమ్మకి స్నానం చేయించిన పక్కింటి గౌరీదేవి బయటికొచ్చి అతని చేతిలో ఏదో పెట్టింది.

“కొంగు ముడిలో ఉన్నాయి తమ్ముడూ. ఏటివి?”

అతనికి తెలుసు. గుండె పట్టేస్తే వెంటనే నాలుక కింద ఒకటి పెట్టుకోమని, ఎటు వెళ్లినా దగ్గర ఉంచుకోమని ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలు. జేబులో వేసుకు తిరిగితే రోగినని తెలిసిపోతుందని బీరువాలో పడేశాడు. తను ఎక్కడైనా కూలిపోతే అందించాలని ఆమె వాటిని మోసుకుంటూ మూడు నెలలు వెనకాల నడిచింది. తనకి కావలసివచ్చినప్పుడు అవి గుర్తొచ్చి కూడా, మీవి కదా అని ఊరుకుందో, అసలు గుర్తే రాలేదో.

“నావే” అన్నాడు నరసింగరావు, తలెత్తకుండా.

మాత్రల రేకుని కిటికీ గట్టు మీద పెట్టాడు. ముడిలో నలిగి నలిగి దాని అంచులు గుడ్డలా మెత్తబడ్డాయి, పదికి పది మాత్రలూ అలాగే ఉన్నాయి.