అది గుండె కాదు

నేను ఒక ఎక్స్‌రే ఫిల్మును. చీకటి గదిలో పుట్టినా, నన్ను చదవాలంటే వెలుతురు కావాలి. వెలుతురుతోపాటు కాస్త ఓపిక కూడా. చిత్తూరు ల్యాబులో నాదస్వరం చెంగల్రాయుడు రొమ్ము ఆనించి ఊపిరి బిగబడితే, ఆయన ఎదలో ఉన్నదంతా ఉన్నట్టు పట్టుకొచ్చాను.

మెట్లెక్కితే ఆయనకు ఆయాసం. పెళ్లిపందిట్లో రాగం సగంలో తెగిపోతోంది. నాలో గుండె చుట్టూ పెద్ద తెల్లటి నీడ కనిపించింది. మొదటి డాక్టరు నన్ను కిటికీకేసి ఎత్తి, ఒక్క చూపు చూసి, "గుండె పెరిగింది. ఇక ఊదకూడదు" అన్నాడు. మేళంలోవాళ్లు ఇట్టే నమ్మేశారు.

"మా నాయనకీ ఇంతే. ఊదీ ఊదీ గుండె ఉబ్బుతాది" అన్నాడు తమ్ముడు దొరస్వామి.

ఊదితే ఉబ్బడానికి అదేమన్నా బుడగా? నాకు ఒళ్లు మండిపోయింది. చెబుదామంటే నోరు లేదాయె!

రెండేళ్లు గుండె మాత్రలు మింగాడు. నాదస్వరం తమ్ముడి చేతికి పోయింది. తన మేళంలో తనే తాళం వేస్తూ ఓ మూల కూర్చున్నాడు. ప్రతి డాక్టరూ ముందు పాత చీటీ చదివి, ఆ తరువాతే నన్ను చూసేవాడు. చీటీలో గుండె అని ఉంటే నాలోనూ గుండే కనిపించేది.

చివరికి తిరుపతిలో ఊపిరితిత్తుల డాక్టరు తబస్సుం చీటీ పక్కన పెట్టి, నన్ను లైటు పెట్టెకు తగిలించింది. ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి ఇంకో ఎక్స్‌రే తీయించింది. అందులో నీడ ఆకారం మారి ఒక వైపుకు జారింది.

"గుండె ఇట్లా జారదు కదా!" అంది.

సీటీ స్కానులో సంగతి బయటపడింది. రొమ్మెముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంటుంది. పసితనంలో పెద్దగా ఉండి, వయసొచ్చేకొద్దీ కుంచించుకుపోతుంది. ఈయనకు అక్కడ కొవ్వుగడ్డ పెరిగి గుండెమీదికి వాలి, ఊపిరితిత్తుల్ని నొక్కుతోంది.

"క్యాన్సరా తల్లీ?" భార్య గంగులమ్మ అడిగింది.

"అట్లా కనిపించడం లేదమ్మా. చాలా అరుదైన గడ్డ. తీసి పరీక్షకు పంపుదాం."

"మళ్లా ఊదొచ్చునా?" చెంగల్రాయుడు అదొక్కటే అడిగాడు.

"కోత బాగా మానినాక ఊదండి."

గడ్డ తీశారు. క్యాన్సర్ కాదని పరీక్షలోనూ తేలింది.

ఇప్పుడు నేను వాళ్లింటి కిటికీలో, పగిలిన అద్దం చోట ఉన్నాను. పగలంతా వెనక ఎండే, చూసేవాళ్లే లేరు. మొన్న ఆయన నాదస్వరం అందుకున్నాడు. ముందు ఉత్త గాలి, తరువాత కీచుమని ఓ అపస్వరం, ఆ తరువాత రాగం. తెగలేదు. సంతోషంతో నేను కిటికీలో గలగలలాడాను.

గంగులమ్మ కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "ఇంగ చాల్లేయ్యా. మళ్లా గుండె ఉబ్బుతాది."

ఆయన నాదస్వరం దించేశాడు.

ఒక్కసారి ఇటు చూడవమ్మా, అది గుండె కాదు!